బకెట్లో టమాటా



కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో విలియం గెరికీ అని ఒక ఆచార్యుడు ఉండేవాడు. 1930 దశకంలో ఆయన తన పెరట్లో టమాటా తీగల్ని 25 అడుగుల ఎత్తు పాకించాడు. అంటే మన రెండంతస్తుల డాబా ఎత్తు. ఎత్తు సంగతి అలా ఉంచండి, ఆ తీగల వేళ్ల కింద మట్టే లేదు. తొట్టెల్లో నీళ్లు, ఆ నీళ్లలో కరిగించిన లవణాలు, అంతే. మొక్కను ఉత్త లవణజలంలో పెంచవచ్చని 1860 దశకంలోనే జర్మన్ శాస్త్రజ్ఞులు యూలియస్ జాక్స్, విల్హెల్మ్ నాప్ చూపించారు. కానీ వాళ్లకది ప్రయోగశాల పని. మొక్కకు ఏ మూలకం కావాలి, ఏది అక్కర్లేదు అని తేల్చుకోవడానికి గాజుసీసాల్లో చేసిన పరీక్ష. దాన్ని పంటగా మార్చవచ్చని పట్టుబట్టినవాడు గెరికీ. హైడ్రోపోనిక్స్ అనే పేరును 1937లో లోకానికి తెలిపినవాడూ ఆయనే.

పత్రికలు ఊరుకుంటాయా? ఇక పొలాలతో పనిలేదు, ప్రతి ఇంటి మిద్దె మీదా పంటే అని రాశాయి. అప్పుడు విశ్వవిద్యాలయం వారు తమ దగ్గరే ఉన్న ఇద్దరు శాస్త్రజ్ఞులకు, డెనిస్ హోగ్లండ్‌కూ డేనియల్ ఆర్నన్‌కూ, ఈ సంగతేమిటో తేల్చే పని అప్పగించారు. 1938లో వాళ్లు ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. అందులో ఇచ్చిన పోషక ద్రావణాన్ని ఇవాళ్టికీ హోగ్లండ్ ద్రావణం అనే పేరుతో ప్రయోగశాలల్లో వాడుతున్నారు. కానీ ఆ పుస్తకంలో జనం పెద్దగా గుర్తుపెట్టుకోని మాట ఇంకొకటి ఉంది. నీళ్లలో పంట పండుతుంది, నిజమే, కానీ మంచి నేలలో శ్రద్ధగా పండించిన దానికంటే దిగుబడి ఎక్కువేమీ రాదు అని వాళ్లు తేల్చారు.

ఈ మాటతోనే ఎందుకు మొదలుపెట్టానంటే, ఇంట్లో నీటి సేద్యం గురించి ఇవాళ మన చెవిన పడేవన్నీ దీనికి తలకిందులుగా ఉంటున్నాయి. మట్టి అక్కర్లేదు, కలుపు లేదు, పనిలేదు, పది రెట్లు పంట అంటున్నారు. కలుపు లేని మాట నిజం, మట్టి అక్కర్లేని మాట నిజం. పనిలేదన్న మాట మాత్రం శుద్ధ అబద్ధం. నేల మనకు తెలియకుండా చేసే పనులు చాలా ఉన్నాయి. ఎరువు ఎక్కువైతే కొంత పట్టి ఉంచుకుంటుంది, తక్కువైతే కొంత విడుదల చేస్తుంది. ఒకపూట నీళ్లు మరిచినా తేమ దాచి ఉంచుతుంది. ఆమ్లమూ క్షారమూ ఒక్కసారిగా అటూ ఇటూ కాకుండా కాస్తుంది. వేళ్లకు గాలి అందిస్తుంది. కిరాణా కొట్టులో ఖాతా ఉన్నట్టన్నమాట: ఇవాళ చేతిలో డబ్బు లేకపోయినా సరుకు వస్తుంది, లెక్క నెలాఖరున చూసుకోవచ్చు. నీళ్లలో ఆ ఖాతా ఉండదు, అంతా రొక్కమే. మట్టి తీసేశామంటే అది చేసే పనులన్నీ మన నెత్తిన వేసుకున్నట్టే.

మరి ఎందుకీ తాపత్రయం అంటారా? అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకు మట్టి ఎక్కడిది? నర్సరీవాళ్లు ఎర్రమట్టి అని సంచుల్లో ఇచ్చేది చాలాసార్లు పునాది తవ్విన మట్టే. తడిసిన మట్టి బరువు మిద్దెకు మంచిది కాదు. ఇంకా పెద్ద కారణం నేలలోనే కాచుకుని ఉండే ఎండు తెగులు, వేరుబుడిపె పురుగు. అవి ఒకసారి కుండీ మట్టిలో చేరితే ఏటా టమాటా చచ్చిపోతూనే ఉంటుంది. మట్టే లేకపోతే వాటి బెడద చాలావరకు తగ్గుతుంది. ఇక రుచి సంగతి. బజారు టమాటా దూరం ప్రయాణం చెయ్యాలి కాబట్టి రంగు తిరగడం మొదలవగానే, గట్టిగా ఉండగానే కోసేస్తారు. తోలు మందంగా ఉండే రకాలే వేస్తారు. చెట్టున పూర్తిగా పండిన కాయ తినాలంటే చెట్టు మన కళ్లెదుట ఉండాలి.

డబ్బు మిగులుతుందని మాత్రం దిగకండి. 2023 జులైలో టమాటా కిలో 150 రూపాయలు దాటినప్పుడు చాలామందికి ఈ ఆలోచన వచ్చింది. అదే టమాటాను గిట్టుబాటు కాక పత్తికొండ రోడ్ల మీద పారబోసిన రోజులూ మనం చూశాం. మదనపల్లె యార్డు నుంచి వచ్చే కాయతో బాల్కనీ బకెట్టు ధరలో పోటీపడలేదు.

టమాటాయే ఎందుకు, పాలకూరతో మొదలుపెట్టవచ్చు కదా అని వ్యవసాయం చదివినవాళ్లు అంటారు. సరైన సలహాయే. ఆకుకూర నెలరోజుల్లో చేతికొస్తుంది, తప్పు జరిగినా నష్టం తక్కువ. టమాటా ఆరేడు నెలల కాపురం. కానీ మన ఇళ్లలో పప్పులోకీ చారులోకీ పచ్చడిలోకీ అడిగేది టమాటానే కాబట్టి దాని గురించే చెబుతాను.

అన్నిటికంటే ముందు కాలం చూసుకోవాలి. నీటి సేద్యం అంటే ఎప్పుడైనా పండించుకోవచ్చు అనుకుంటారు. వేళ్లు నీళ్లలో ఉన్నా పువ్వు మాత్రం గాలిలోనే కదా ఉండేది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 24కు తగ్గకపోతే టమాటా పుప్పొడి పనిచెయ్యదు, పూత రాలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో నాటితే చెట్టు పచ్చగా ఏపుగా పెరుగుతుంది, పూస్తుంది, కాయ మాత్రం నిలవదు. నిలిచిన కాయకూ ఎరుపు సరిగా రాదు. 30 డిగ్రీలు దాటిన వేడిలో టమాటాకు ఎర్రరంగు ఇచ్చే లైకోపీన్ తయారవడం మందగించి, కాయ పసుపు, నారింజ రంగుల దగ్గరే ఆగిపోతుంది. వేసవిలో శ్రోతల నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం, పోషకాల్లో ఏం తగ్గిందండీ అనే. ఏమీ తగ్గలేదు, ఎండ ఎక్కువైంది.

అందుకని ఆగస్టు మధ్యలో గింజ పెట్టండి. 25 రోజులకు నారు సిద్ధమవుతుంది. సెప్టెంబరులో బకెట్టులోకి మారిస్తే అక్టోబరులో పూత, డిసెంబరు మొదట్లో తొలికాయ పండుతుంది. అక్కడి నుంచి మార్చి దాకా కోసుకోవచ్చు. మదనపల్లె వైపు, అరకు వైపు చల్లటి ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇంకొంచెం వెసులుబాటు ఉంది. కోస్తావాళ్లు అక్టోబరు, నవంబరు తుఫానులు గుర్తుపెట్టుకుని బకెట్టును చూరు కిందకు జరపగల చోట పెట్టుకోండి.

గింజల సంగతి. టమాటాలో రెండు జాతులు. ఒకటి కొంత ఎత్తుకు ఎదిగి ఆగిపోయి, కాపంతా దాదాపు ఒకేసారి ఇచ్చేది, పొద రకం. రెండోది తీగ రకం, ఆగకుండా పెరుగుతూ నెలల తరబడి కాస్తూ ఉంటుంది. గెరికీ 25 అడుగులు పాకించింది అదే. బాల్కనీకి పొద రకం గాని, చిన్న చెర్రీ టమాటా గాని మేలు. చెర్రీ టమాటా వేడిని కాస్త తట్టుకుంటుంది, పూత ఎక్కువ నిలుస్తుంది. మామూలు కాయే కావాలంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ ఉంది, ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్. అది దొరక్కపోతే ఊళ్లో రైతులు ఏది వేస్తున్నారో అడిగి అదే తెచ్చుకోండి. రంగురంగుల బొమ్మలున్న విదేశీ ప్యాకెట్ల జోలికి మొదటి ఏడు పోకండి.

ఇప్పుడు పద్ధతి. ఇక్కడ నా అభిప్రాయం కొంచెం గట్టిగానే చెబుతాను. నీటి సేద్యం అనగానే తెల్లటి పైపులు, వాటికి రంధ్రాలు, పైపుల్లో పారే నీళ్లు కళ్ల ముందు కదులుతాయి. ఇంగ్లండులో ఎలన్ కూపర్ రూపుదిద్దిన పలుచటి ధార పద్ధతి అది. లెట్యూస్‌కు చక్కగా ఉంటుంది. టమాటాకు, అందులోనూ మన ఎండకు పనికిరాదు. టమాటా వేళ్లు ఆ పైపును నింపేస్తాయి. కరెంటు పోయిందంటే గంటల్లో చెట్టు వాలిపోతుంది. ఇంకొకటి, బకెట్టు నిండా ద్రావణం పోసి అక్వేరియం పంపుతో గాలి బుడగలు పంపే పద్ధతి. చూడ్డానికి సులువే. కానీ నీళ్లు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములుండేది 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. అదే సమయంలో వేళ్లకు ఊపిరి ఇంకా ఎక్కువ కావాలి. తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకు తిరిగి, జిగటగా మారి, కుళ్లు వాసన వేస్తాయి. వేరుకుళ్లు పట్టిందన్నమాట. ఇక ఆ చెట్టు మీద ఆశ వదులుకోవాలి.

పంపుల మీద ఆధారపడే ఇలాంటి పద్ధతులు మన దేశానికి నప్పవని ఎప్పుడో గమనించినవాడు షోల్టో డగ్లస్. 1940 దశకం చివర్లో డార్జిలింగ్ దగ్గర కాలింపాంగ్‌లో ఆయన నీటి సేద్యం మీద ప్రయోగాలు చేశాడు. పంపులూ కరెంటూ ఖరీదైన సరంజామా మన పల్లెల్లో పనికిరావని, తొట్టెల్లో గులకరాళ్లూ ఇసుకా నింపి, లవణాలు పైన చల్లి నీళ్లు పోసే తేలిక పద్ధతి తయారు చేసి, దానికి బెంగాల్ పద్ధతి అని పేరు పెట్టి పుస్తకం రాశాడు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ ఆలోచన పాతబడలేదు. హాలెండులో ఎకరాలకు ఎకరాల గాజు ఇళ్లలో టమాటా పండించేవాళ్లు కూడా వేళ్లను ఉత్త నీళ్లలో వేలాడదియ్యరు. రాతి ఉన్నిలోనో కొబ్బరి పొట్టులోనో పెంచుతారు. మనమూ అదే చేద్దాం.

20 లీటర్ల పాత పెయింట్ బకెట్టు తీసుకోండి. బాగా కడగండి. అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో, పక్కకు, వేలు దూరేంత రంధ్రం పెట్టండి. రంధ్రం అడుగున పెట్టకండి. ఆ రెండంగుళాల్లో నిలిచే ద్రావణమే మధ్యాహ్నం ఎండలో చెట్టును ఆదుకుంటుంది. బకెట్టు రంగు తెలుపైతే సరే, నలుపైతే బయట తెల్లరంగు వెయ్యండి, లేకపోతే వేళ్లు ఉడికిపోతాయి. నింపడానికి రెండు పాళ్లు కోకోపిట్, ఒక పాలు పెర్లైట్. పెర్లైట్ దొరక్కపోతే కడిగిన సన్నకంకర వాడుకోవచ్చు.

కోకోపిట్ దగ్గర ఒక జాగ్రత్త. కోనసీమలో కొబ్బరిపీచు తీస్తుండగా రాలే పొట్టే అది, ఇటుకల్లా నొక్కి అమ్ముతారు. కొబ్బరిలో సహజంగానే ఉప్పు ఉంటుంది, పొటాషియం ఉంటుంది. కడగని పొట్టు మనం పోసే కాల్షియాన్ని తాను పట్టుకుని ఉప్పును చెట్టుకు వదులుతుంది. నానబెట్టి, పిండి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. తరవాత 10 లీటర్ల నీళ్లలో 20 గ్రాముల కాల్షియం నైట్రేట్ కరిగించి, ఆ నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి వార్చెయ్యండి. చాలామంది ఈ పని ఎగ్గొట్టి, నెల తిరిగాక ఆకులు ఎందుకు ముడుచుకుంటున్నాయని తల పట్టుకుంటారు.

ఇక అసలు భాగం, ఎరువులు. ఎరువుల కొట్టుకు వెళ్లి టమాటాకు నీళ్లలో కరిగే ఎరువు కావాలంటే ఎన్ని ఎకరాలండీ అని అడుగుతారు. ఒక బకెట్టండీ అంటే మనవైపు ఒకరకంగా చూసి పంతొమ్మిది ఆల్ ప్యాకెట్టు చేతిలో పెడతారు. దాన్ని వెనక్కి ఇచ్చెయ్యండి. 19:19:19 పొలానికి మంచి ఎరువే. కానీ అందులో నత్రజని సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. నేలలో ఉండే సూక్ష్మజీవులు యూరియాను నైట్రేటుగా మార్చి వేరుకు అందిస్తాయి. కొత్త కోకోపిట్‌లో ఆ జీవులు సరిపడా ఉండవు. పైగా అందులో కాల్షియం లేదు. ఇంకో చిక్కు, యూరియా నీళ్లలో కరిగినా విద్యుత్తును మోయదు, లవణం కొలిచే మీటరు పెడితే కనబడదు. ఎరువు తక్కువైందనుకుని మనం ఇంకా వేస్తూ పోతాం.

కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి, నెమ్మదిగా చెబుతాను. ఇది 10 లీటర్ల మంచినీళ్లకు లెక్క. కాల్షియం నైట్రేట్ 9 గ్రాములు. పదమూడు-సున్నా-నలభైఐదు, అంటే పొటాషియం నైట్రేట్, 3 గ్రాములు. సున్నా-యాభైరెండు-ముప్ఫైనాలుగు, అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్, 2 గ్రాములు. సున్నా-సున్నా-యాభై, అంటే పొటాషియం సల్ఫేట్, ఒకటిన్నర గ్రాములు. మెగ్నీషియం సల్ఫేట్ నాలుగున్నర గ్రాములు. 12 శాతం చీలేటెడ్ ఐరన్ 0.2 గ్రాములు, అంటే చిటికెడు. దీనికి తోడు చీలేటెడ్ సూక్ష్మపోషకాల మిశ్రమం, ప్యాకెట్టు మీద రాసిన మోతాదులో. ఆ మిశ్రమంలో ఇనుము ముందే ఉంటే విడిగా వేసేది తగ్గించుకోండి.

రోజూ గ్రాములు తూచడం ఎవరి వల్లా కాదు. అందుకని రెండు లీటరు సీసాలు పెట్టుకోండి. మొదటి సీసాలో కాల్షియం నైట్రేట్ ఒక్కటే, 90 గ్రాములు, లీటరు నీళ్లకు. రెండో సీసాలో మిగిలినవన్నీ ఇందాక చెప్పినదానికి పది రెట్లు: 30, 20, 15, 45 గ్రాములు, వాటితో ఇనుమూ సూక్ష్మపోషకాలూ. 10 లీటర్ల నీళ్లలో ముందు మొదటి సీసా నుంచి 100 మిల్లీలీటర్లు కలిపి, బాగా తిప్పి, తరవాత రెండో సీసా నుంచి 100 మిల్లీలీటర్లు కలపాలి. రెండు సీసాల్లోని సరుకును చిక్కగా ఉండగా ఎన్నడూ కలపకండి. కాల్షియమూ సల్ఫేటూ కలిసి జిప్సంగా మారి తెల్లగా అడుగుకు పేరుకుంటాయి. అందులో చెట్టుకు దక్కేది ఏమీ ఉండదు. సీసాలకు నల్లకాగితం చుట్టండి, పేరు రాయండి, పిల్లలకు అందని చోట పెట్టండి. తూకానికి వంటింటి కాటా చాలదు, బంగారం తూచే రకం చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొనుక్కోండి.

నారుకూ కొత్తగా నాటిన మొక్కకూ ఇందులో సగం చిక్కదనం చాలు. పూత మొదలయ్యాక పూర్తి మోతాదు.

అన్నట్టు, ఇదంతా రసాయనాల తిండి కదా అని కొందరు నొసలు ముడుస్తారు. పేడ ఎరువులో ఉన్న నత్రజని కూడా నైట్రేటుగానో అమ్మోనియంగానో మారాకే వేరులోకి వెళుతుంది. సేంద్రియ టమాటా కావాలనుకుంటే అది మంచి కోరికే, దానికి దారి ఇది కాదు.

ఏ నీళ్లు? మన ప్రాంతంలో ఈ సేద్యం తేలేదీ మునిగేదీ ఇక్కడే. హైదరాబాదు బోరు నీళ్లు, రాయలసీమ బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పెక్కి, గట్టిగా ఉంటాయి. ఎరువు కలపకముందే టీడీఎస్ మీటరు 800, వెయ్యి చూపిస్తే మనం కలపడానికి చోటెక్కడ మిగిలింది? మున్సిపాలిటీ కుళాయి నీళ్లు, వాననీళ్లు, లేదా ఫిల్టరు నుంచి వచ్చిన ఆర్వో నీళ్లు వాడండి. బోరు నీళ్లే గతైతే సగానికి సగం ఆర్వో నీళ్లు కలపండి. ఫిల్టరు బయటికి వదిలే వృథా నీళ్లున్నాయే, వాటితో ఇల్లు తుడుచుకోండి గాని టమాటాకు పోయకండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

మీటర్లు రెండు కావాలి. ఒకటి ఈసీ మీటరు, నీళ్లలో లవణం ఎంతుందో చెబుతుంది. నేను చెప్పిన మిశ్రమం మంచినీళ్లలో సుమారు 2 చూపిస్తుంది. టమాటాకు 2 నుంచి 3.5 వరకు బాగుంటుంది. టీడీఎస్ మీటరు కొన్నవాళ్లు జాగ్రత్త. కొన్ని కంపెనీలు ఈసీ 1ని 500 అని చూపిస్తే కొన్ని 700 అని చూపిస్తాయి. పక్కింటివాళ్ల మీటరు అంకెతో మీ అంకె పోల్చుకుని కంగారుపడకండి. రెండోది పీహెచ్ చూసేది. 5.5కూ 6.5కూ మధ్య ఉండాలి. మన నీళ్లు సాధారణంగా 7.5 పైనే ఉంటాయి, అక్కడ ఇనుము కరిగి ఉండదు, లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి మిగతాదంతా పసుపెక్కుతుంది. తగ్గించడానికి కొందరు నిమ్మ ఉప్పు వేస్తారు. ఆ పూటకు తగ్గుతుంది, సూక్ష్మజీవులు దాన్ని తినేశాక మళ్లీ పైకొస్తుంది. పలచని ఫాస్ఫారిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా వేస్తే నిలుస్తుంది. ఆమ్లాన్ని నీళ్లలో పొయ్యాలి గాని ఆమ్లంలో నీళ్లు పోయకూడదు, చేతికి తొడుగు ఉండాలి.

రోజువారీ పని చెబుతాను. పొద్దున్నే పక్క రంధ్రం నుంచి కొంచెం ద్రావణం బయటికి కారేదాకా పోయండి. పోసినదాంట్లో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా కారాలి. అలా కారితేనే పాత ఉప్పు పేరుకోకుండా కొట్టుకుపోతుంది. ఎదిగిన చెట్టు చలికాలంలో లీటరు, లీటరున్నర తాగుతుంది. మార్చి వచ్చిందంటే రెండు, మూడు లీటర్లు, అప్పుడు సాయంత్రం ఇంకోసారి. వారానికొకసారి కారిన నీళ్లను పట్టి మీటరు పెట్టండి. పోసినదానికంటే అంకె బాగా పెరిగితే ఒకపూట ఉత్త నీళ్లు పోసి కడగండి. ద్రావణం కలిపి ఉంచుకున్న డ్రమ్మూ, కారిన నీళ్లు పట్టే పళ్లెమూ తప్పకుండా మూసి ఉండాలి. రెండు కారణాలు: వెలుతురు తగిలితే పాచి పడుతుంది, నిలవ నీరు కనబడితే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. బాల్కనీలో టమాటా కోసం ఇంట్లోవాళ్లను ఆసుపత్రి పాలు చెయ్యకూడదు కదా.

ఎండ రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా పడాలి. ఉత్తరం వైపు బాల్కనీ ఉన్నవాళ్లకు నా సలహా, పుదీనా పెంచుకోండి.

చెట్టు ఎదుగుతుంటే పై కమ్మీ నుంచి పురికొస దించి కాండాన్ని దానికి చుడుతూ పొండి. తీగ రకమైతే ఆకుకూ కాండానికీ మధ్య మొలిచే పక్కకొమ్మల్ని చిటికెన వేలంత ఉండగానే గిల్లెయ్యాలి. పొద రకానికి గిల్లకండి, గిల్లితే కాపు పోతుంది. మొదటి పూగుత్తి కింద ఉన్నవి మాత్రం తీసేయొచ్చు.

పూత వచ్చాక ఒక చిన్న పని ఉంది. టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, తనలో తానే పరాగ సంపర్కం జరుపుకుంటుంది. కానీ పుప్పొడి గొట్టం లోపల ఉంటుంది, అది రాలాలంటే పువ్వు అదరాలి. పొలంలో గాలి, ఝుమ్మంటూ పువ్వును అదరగొట్టే కొన్ని అడవి తేనెటీగలు ఆ పని చేస్తాయి. ఏడో అంతస్తుకు ఆ ఈగలు రావు. పొద్దున పది, పదకొండు గంటల మధ్య పూగుత్తి కాడను వేలితో రెండుమూడుసార్లు మీటండి. కరెంటు టూత్‌బ్రష్ ఉంటే కాడ వెనక తాకించండి, పుప్పొడి పొగలా రాలడం కళ్లకు కనబడుతుంది.

కాయలు పడ్డాక ఎక్కువమందిని భయపెట్టేది కాయ అడుగు నల్లగా, తోలులా అణిగిపోవడం. కాల్షియం లోపం అంటారు. మాట సరైనదే, మందు మాత్రం వేరు. బకెట్టులో కాల్షియం ఉంటుంది, కాయకు చేరదు. కాల్షియం నీటితోపాటే ప్రయాణం చేస్తుంది. ఎండకు ఆకులు నీటినంతా లాగేసుకుంటే చెమటపట్టని కాయకు వాటా అందదు. ఇంకా కాల్షియం పోస్తే ద్రావణం చిక్కబడి, వేరు నీటిని పీల్చుకోవడం మరీ కష్టమవుతుంది. చిక్కదనం కాస్త తగ్గించండి, పోసే సమయం తప్పకండి, మధ్యాహ్నం పలచటి నీడవల కట్టండి. పాడైన కాయలు కోసెయ్యండి, తరవాతి గుత్తులు బాగానే వస్తాయి.

ఇక్కడే ఒక మంచి మాట కూడా ఉంది. కాయలు రంగు తిరిగేటప్పుడు ద్రావణాన్ని ఈసీ 3 దాకా చిక్కబరిస్తే కాయ కాస్త చిన్నదవుతుంది గాని పులుపూ తీపీ రెండూ చిక్కబడతాయి. పచ్చడి చేసుకునేవాళ్లు ఈ పని చెయ్యండి. బరువు కావాలనుకునేవాళ్లు వద్దు.

పురుగుల్లో అసలు శత్రువు తెల్లదోమ. అది రసం పీల్చడం వల్ల పోయేది కొంచెమే, అది మోసుకొచ్చే ఆకుముడత వైరస్‌కు మందు లేదు. పసుపు జిగురు అట్టలు నారు దశ నుంచే వేలాడదియ్యండి. నారును సన్నవల కింద పెంచండి. వేపనూనె సాయంత్రం పూట పిచికారీ చెయ్యండి. ఆకులు చిన్నవై, పైకి దోనెలా ముడుచుకుని, చెట్టు గిడసబారితే జాలిపడకుండా పీకి సంచిలో కట్టి పారెయ్యండి. ఇంకొకటి 2014లో మన దేశంలోకి వచ్చిన టూటా అనే దక్షిణ అమెరికా పురుగు. ఆకు పొరల మధ్య తొలుస్తూ పోతుంది, ఆకు మీద ఎండిన మచ్చలు పడతాయి. నాలుగు చెట్లే కాబట్టి మచ్చ కనబడిన ఆకును కోసి నలిపెయ్యడం మనకు చాలు. రైతుకు ఆ అదృష్టం లేదు.

మొదటి ఏడు రెండు బకెట్లు పెట్టండి, పది వద్దు. రెండూ ఒకే రకం వేసి, ఒకదానికి చిక్కదనం మార్చి చూస్తే మీ నీళ్లకు, మీ ఎండకు ఏది నప్పుతుందో తెలుస్తుంది. ఆ వివరం నేను రేడియోలో చెప్పలేను. తేదీ, ఈసీ, పీహెచ్, ఎంత పోశారు, ఎంత కారింది, ఒక పాత నోటుపుస్తకంలో రాసుకోండి. చెట్టుకు మూడు, నాలుగు కిలోలు వస్తే బాగా వచ్చినట్టే లెక్క.

ఏప్రిల్‌లో పూత రాలడం మొదలయ్యాక చెట్టును సాగదియ్యకండి. వేళ్లు పీకేసి, కోకోపిట్‌ను కడిగి ఎండలో ఆరబెడితే వచ్చే ఏటికి ఇంకోసారి వాడుకోవచ్చు, చెట్టు తెగులుతో చచ్చి ఉంటే మాత్రం వద్దు. డ్రమ్ములో మిగిలిన ద్రావణాన్ని డ్రైనేజీలోకి వదలకండి, అది చెరువుకు చేరితే గుర్రపుడెక్కకు ఎరువవుతుంది. నాలుగు రెట్లు నీళ్లు కలిపి కింద కరివేపాకు చెట్టుకూ మందారానికీ పోయండి. సీసాల్లో చిక్కటి సరుకు మిగిలితే మూత బిగించి చల్లటి చోట దాచండి, ఆగస్టులో పనికొస్తుంది.